మస్తాన్ పేరు మీద మా పేరు

పోయిన నెల మళ్ళీ ఇల్లు మారాం. సామాను సర్దుతుంటే ఇనప బీరువా అడుగు అరలో, చెల్లని పట్టాదారు కాగితాల కింద ఒక లాంగ్ నోట్‌బుక్ దొరికింది. అట్ట మీద నా చేతిరాతతో ‘వెబ్‌సైట్ పెట్టడానికి కావలసిన సామాను’ అని ఉంది. పెళ్ళికి వంటవాడు రాసిచ్చే సరుకుల పట్టీలా ఉంది ఆ శీర్షిక. లోపల ఇంకు పెన్నుతో పేజీల కొద్దీ గుర్తులు. అక్షరం లావు కావాలంటే ఏం రాయాలి, బొమ్మ నడిమికి రావాలంటే ఏం రాయాలి, ఫైళ్ళు పైకి ఎక్కించే ప్రోగ్రాం ఏ పత్రికతో వచ్చిన సీడీలో ఉంది, బొమ్మలు చిన్నవి చేసే ప్రోగ్రాం గడువు ముప్పై రోజులకు తీరిపోతే కంప్యూటరు తేదీని ఎట్లా వెనక్కు తిప్పాలి, అన్నీ ఉన్నాయి. రంగుల అంకెలకు రెండు పేజీలు కేటాయించాను. మా నాపరాయి బూడిద రంగుకు దగ్గరగా వచ్చేవే పదకొండు రాసుకున్నాను. నెట్ సెంటర్లో ప్రింటు తీయించడం దండుగనిపించి, స్క్రీను చూసి చేత్తో ఎక్కించుకున్నవి ఇవన్నీ. చదువుతూ ఉంటే నాకు ముచ్చటేమీ వేయలేదు. ఒళ్ళు మండింది.

ఎందుకంటే మా కొత్త ఇంటి కింది వాటాలో ఊరగాయలు చేసి అమ్మే ఒకామె ఉంది. నేను మెట్ల మీద నోట్‌బుక్ దులుపుతుంటే ఆమె స్టవ్ మీద పాలు పెట్టి, ఫోనులో వేలితో బొమ్మలు అటూ ఇటూ జరుపుతోంది. పాలు పొంగే లోపల ఆమెకు వెబ్‌సైట్ వచ్చేసింది. ‘‘సూడన్నా, మామిడికాయ ఫోటో పైన పెట్టాల్నా, కింద పెట్టాల్నా?’’ అని నన్ను సలహా అడిగింది. మామిడికాయ ఎక్కడ పెట్టాలో చెప్పడానికేనా నేను ఆ రంగుల అంకెలన్నీ కంఠతా పట్టింది?

మా ఇంటి సంగతి కొంత చెప్పకపోతే ఈ విసుగు అర్థం కాదు. మా జేజినాయన, అంటే నాయన తండ్రి, ఎర్రగుంట్ల వైపు నాలుగు ఊళ్ళకు పెద్ద. ఆయన భూములు కోర్టుల పాలయ్యాయి. మిగిలింది ఒక నాపరాయి గని, దానికి ఆనుకొని రాయి పాలిష్ పట్టే షెడ్డు, పద్నాలుగు మంది పనివాళ్ళు. మేము కడపలో అద్దె ఇంటి పైవాటాలో ఉండేవాళ్ళం. అయినా నాయన అలవాట్లు మారలేదు. పొద్దున్నే చన్నీళ్ళ స్నానం, గంజి పెట్టిన పంచె, వరండాలో టేకు కుర్చీ. సాయంత్రం షెడ్డు నుంచి నేను వచ్చేసరికి నా బట్టల నుంచి తడి రాతిపిండి వాసన వచ్చేది. అది ఎండిపోతే చర్మం మీద సున్నంలా పట్టుకునేది. అమ్మ కాళ్ళు కడుక్కోనిదే లోపలికి రానిచ్చేది కాదు. సంగటిలోకి ఊరిమిండి నంజుకుని తిన్నాక, ఆ రోజు వచ్చిన జాబులు నేను నాయనకు చదివి వినిపించాలి. ఆయన కాగితం వైపు చూసేవాడు కాదు. వీధి వైపు చూస్తూ వినేవాడు. ఆయన తండ్రీ అట్లాగే వినేవాడట.

అర్జీలు మనకు వస్తాయి, మనం పెట్టం. ఇది మా ఇంటి కట్టుబాటు. ఏ కచేరీకి ఏ దరఖాస్తు పెట్టాలన్నా గుమాస్తా సుబ్బరామయ్య తన పేరుతో పెట్టేవాడు. కరెంటు మీటరు ఆయన పేరు మీద. టెలిఫోను ఆయన పేరు మీద. ఆయన పోయాక ఆ టెలిఫోను మార్పించే సంతకం కోసం ఆయన కొడుకును వెతుక్కుంటూ నేను ప్రొద్దుటూరు పోవలసి వచ్చింది. దాంతోనైనా మాకు బుద్ధి రావలసింది. రాలేదు.

అవి ఇళ్ళలో నాపరాయి తీసేసి తళతళలాడే టైల్స్ వేయించుకోవడం మొదలైన రోజులు. షెడ్డులో వారానికి రెండు రోజులు మిషన్లు ఊరికే ఉండేవి. బెంగళూరు నుంచి ఒక కాంట్రాక్టరు ఫోను చేసి, రాయి రకాలు చూసుకోవడానికి మీకు వెబ్‌సైట్ ఉందా అని అడిగాడు. ఉంది అన్నాను. లేదు అనడం మాకు అలవాటు లేదు. ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి నేను ఏడు రోడ్ల దగ్గర మస్తాన్ నెట్ సెంటరుకు పోయాను.

మస్తాన్ నాకంటే పదేళ్ళు పెద్ద. ఆరు కంప్యూటర్లు, ఒక కూలరు, గోడ మీద ‘చెప్పులు బయట విడువుము’. తనకు తెలిసింది దాచుకునే రకం కాదు. నోట్‌బుక్‌లో ఉన్నదంతా అతను చెబుతుంటే రాసుకున్నదే. మొదట ఊరికే దొరికే చోటులో సైటు పెట్టాం. నాయన షరతు ఒకటే. తెరవగానే జేజినాయన తలపాగా ఫోటో రావాలి, దాని కింద తెలుగులో ఇంటిపేరు రావాలి, రాయి తర్వాత. తెలుగు అక్షరాలు ఇంకో కంప్యూటరులో తెరిస్తే చీమలు పాకినట్టు కనిపించేవి. అందుకని ఇంటిపేరును కూడా బొమ్మగా చేసి అంటించాం. ఆ టెలిఫోను లైను మీద ఆ రెండు బొమ్మలు దిగడానికి పట్టే సమయంలో మనిషి ముఖం కడుక్కుని రావచ్చు. తలపాగా వచ్చేది, నుదురు వచ్చేది, మీసాలు మొదలయ్యేలోపల లైను పోయేది. ‘‘మీ జేజినాయన దిగేకి ఇంకా టైం పడ్తాదిలే, టీ తాగుదాం రా అప్పా’’ అనేవాడు మస్తాన్.

సైటు చూడడానికి నాయన ఒకే ఒక్కసారి నెట్ సెంటరుకు వచ్చాడు. కూర్చోలేదు. చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డాడు. జేజినాయన పూర్తిగా దిగాడు. ఆయన పక్కనే ఒక పెట్టె, పెట్టెలో ఒక పడుచు, వెలుగుతూ ఆరుతూ కన్ను కొడుతోంది.

‘‘ఎవురప్పా ఈమె?’’ అన్నాడు నాయన.

‘‘ఆమె మనామె కాదు పెద్దాయనా. చోటు ఊరికే ఇచ్చినారు గదా, వాళ్ళ బోర్డు గూడా కట్టుకుంటారు’’ అన్నాడు మస్తాన్.

‘‘మా నాయన పక్కన నిలబడి కన్ను కొడ్తాంటే చూస్తా ఊరుకున్నారా ఇద్దరూ? మనకు ఊరికే ఇచ్చేదానికి వాడెవడు? మన పేరుతో మన చోటు తీసుకోండి’’ అని నాయన ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

సొంత పేరు, అంటే సైటు తెరవడానికి కొట్టే చిరునామా, కావాలంటే విదేశీ కంపెనీకి కార్డుతో కట్టాలి. కడపలో అట్లాంటి కార్డు మాకు తెలిసినవాళ్ళలో ఎవరికీ లేదు. మస్తాన్ బావ కువైట్‌లో పనిచేసేవాడు. ఆయన కార్డు, ఆయన మెయిలు వాడుకుందామన్నాడు. ఫారం నింపుతూ ‘‘ఎవరి పేరు మీద అప్పా?’’ అని అడిగాడు.

‘‘నీ పేరు మీద పెట్టు’’ అన్నాను.

‘‘నా పేరెందుకు? సైటు మీది గదా.’’

‘‘ఇట్లాంటి కాగితాలు మా ఇంట్లో మేము పెట్టం.’’

మస్తాన్ కుర్చీ నా వైపు తిప్పాడు. ‘‘పేరు నాది, కార్డు మా బావది, మెయిలు మా బావది. మీది ఏముండాది దీంట్లో?’’

‘‘మా ఇంటిపేరు’’ అన్నాను. ఆ జవాబుకు అప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను. అతను నవ్వి, తన పేరు కొట్టి, సంస్థ అన్నచోట మాత్రం మా స్టోన్స్ కంపెనీ పేరు, యజమానిగా నాయన పేరు వేశాడు. ఆ మాత్రమైనా వేసింది అతని ముందుచూపు, నాది కాదు.

రెండేళ్ళు ఆ సైటు మా షెడ్డును నిలబెట్టింది. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు. బెంగళూరు నుంచి, ఒకసారి మద్రాసు నుంచి కూడా, జేజినాయన మీసాలు దిగేదాకా ఓపిక పట్టినవాళ్ళు ఆర్డర్లు ఇచ్చారు. మిషన్లు వారమంతా తిరిగాయి. నాయనకు ఆర్డర్ల కంటే పేజీ అడుగున ఉండే అంకె మీద ధ్యాస. సైటు ఎంతమంది చూశారో చెప్పే అంకె అది. ‘‘ఈ పొద్దు ఎంతమంది వచ్చిపోయినారు?’’ అని రోజూ అడిగేవాడు. వచ్చినవాళ్ళు మజ్జిగైనా తాగకుండా పోతున్నారన్న బాధ ఆయన గొంతులో వినిపించేది. మస్తాన్ ఆ అంకెను ఐదు వేల నుంచి మొదలుపెట్టాడని ఒకరోజు చెప్పేశాను. నాయన ఏమీ చలించలేదు. ‘‘మన గడప తొక్కినోళ్ళు అంతకంటే ఎక్కువేలే’’ అన్నాడు.

సైటులో ఏది మార్చినా, ఆ పేజీ ప్రింటు తీసి సాయంత్రం జాబులతో పాటు చదవాలి. ఒకసారి అట్లా చదువుతూ, చదవడమే పనిగా, అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది కూడా చదివేశాను: ‘తయారు చేసినది మస్తాన్, కడప.’

‘‘ఏందది? మళ్ళా చదువు’’ అన్నాడు నాయన. చదివాను.

‘‘మా నాయన కాళ్ళ కింద ఆ పేరేంది?’’

‘‘చేసినోళ్ళు ఏసుకుంటారు నాయనా. అది వాడుక.’’

‘‘మిద్దె కట్టిన బేల్దారి గోడ మీద పేరు రాసుకున్యాడా? తీసెయ్.’’

మస్తాన్‌కు చెప్పి తీయించవచ్చు. ముఖం చెల్లలేదు. రైల్వే స్టేషన్ దగ్గర ఇంకో సెంటరుకు పోయి, నాకు అతను నేర్పిన విద్యతోనే, అతను ఇచ్చిన పాస్‌వర్డుతోనే ఆ వాక్యం చెరిపేశాను. రెండు రోజులకు అతను చూశాడు.

‘‘బోర్డులు రాసే ఆర్టిస్టు గూడా మూలన చిన్న సంతకం పెట్టుకుంటాడు. వద్దంటే పెట్టడు’’ అన్నాడు. ‘‘నాతో ఒక్క మాట అంటే నేనే తీసుండేవాణ్ణి గదప్పా. వేరే సెంటరుకు పోయి దొంగలెక్క తుడిచేదేంది?’’

క్షమించమనవలసిన చోట నేను ‘‘సైటు మాది’’ అన్నాను.

‘‘మీదేలే’’ అని అతను కూలరులో నీళ్ళు పోయడానికి లేచాడు. తర్వాత కలిస్తే పలకరించేవాడు గానీ, సైటు ఊసు ఎత్తేవాడు కాదు. నేనూ ఎత్తలేదు. ఏటేటా ఆ పేరును పొడిగించుకోవాలన్న సంగతి నోట్‌బుక్‌లో నా చేతిరాతతోనే, కింద గీత గీసి మరీ ఉంది. ఎవరో చూసుకుంటారనుకున్నాను. మా ఇంట్లో అట్లాంటివన్నీ ఎవరో ఒకరు చూసుకునేవారు.

సైటు పోయిందని నాకు చెప్పింది బెంగళూరు కాంట్రాక్టరు. ఒక పెద్ద కాలేజీ వరండాలన్నింటికీ రాయి కావాలి, సోమవారం ఆర్కిటెక్టుకు మీ రకాలు చూపిద్దామని తెరిస్తే ఏదో వేరే పేజీ వస్తోందన్నాడు. అప్పటికి మిషన్లు మళ్ళీ ఆగుతున్నాయి; ముందు నుంచీ మాటల్లో ఉన్న ఈ ఆర్డరు షెడ్డుకు ఆరు నెలల పని. అది వస్తే షెడ్డు ఉంటుంది, రాకపోతే మిషన్లు అమ్మేస్తానని నాయన పనివాళ్ళ ముందు అప్పటికే చెప్పి ఉన్నాడు. రాయి ముక్కలు బస్సులో వేసుకుని వస్తానన్నాను. ఆర్కిటెక్టుకు అంత తీరిక లేదు, వేసిన వరండాల ఫోటోలు సైటులో ఉన్నాయి కదా, అవే చాలు అన్నాడు. ఆ ఫోటోల ఇంకో ప్రతి మా దగ్గర లేదు. ఉంచుకోవాలని కూడా నోట్‌బుక్‌లో ఉంది.

మస్తాన్ పాత సంగతి ఒక్క మాట కూడా తీయకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వాళ్ళ బావ కువైట్‌లో కంపెనీ మారాడు, పాత మెయిలు మూసేశారు, గడువు జాబులన్నీ దానికే పోయాయి. ఇప్పుడు పేరు తిరిగి రావాలంటే ఒక ఫారం మీద మస్తాన్, యజమాని ఇద్దరూ సంతకాలు చేసి ఫ్యాక్సు పంపాలి. అతను అప్పటికప్పుడు తన సంతకం చేసి ఫారం నా చేతిలో పెట్టాడు. ‘‘ఈడ మీ నాయన. శుక్రవారం లోపల పోవాల. దాటితే ఎవురైనా కొనుక్కోవచ్చంట.’’

ఆ సాయంత్రం ఫారం చదివాను. ‘ఈ పేరును మాకు తిరిగి అప్పగించవలసిందిగా కోరుతున్నాను’ అన్న వాక్యం దగ్గర నాయన చెయ్యెత్తాడు.

‘‘కోరేదేంది? మన పేరును ఎవడినో మనం కోరేదేంది?’’

లోపల పప్పు రుబ్బుతున్న అమ్మ రోలు దగ్గర నుంచే అంది: ‘‘మనదని చెప్పుకునేదానికి గూడా సిగ్గుపడితే ఎట్ల? పద్నాలుగు ఇండ్ల పొయ్యి అది.’’

 తెల్లవారి నాయన స్నానం చేసి వచ్చి ఫారం తెమ్మన్నాడు. పెన్ను తీసి ఆ కోరే వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. దాని పైన, ఆయనది చాలా అందమైన ఇంగ్లీషు దస్తూరి, ‘ఈ పేరు మాది. వాపసు చేయండి’ అన్న అర్థంతో ఒక వాక్యం రాశాడు. సంతకం చేసి, ఇత్తడి మొహరును ఊదా సిరాలో అద్ది గట్టిగా ఒత్తాడు. మొహరు పోయి మస్తాన్ సంతకం మీద పడింది.

చూడగానే ఇది చెల్లదని తెలియవలసింది నాకు. ఇంకో కాగితం తెచ్చి ఇంకోసారి చేయించవలసింది. కానీ ఆ అక్షరాలు చూస్తే నాకు ఛాతీ పొంగింది. ఎన్నాళ్ళకో మా ఇల్లు మా ఇల్లులా మాట్లాడిందనిపించింది. ఫ్యాక్సు ఉన్న ఎస్టీడీ బూతు దగ్గర మస్తాన్ కాగితం చూసి నెత్తి గోక్కున్నాడు. ‘‘ఇది వాపసు వస్తాదప్పా. ఫారంలో గీతలు గీస్తే వాళ్ళు ఒప్పుకోరు. నా సంతకమే కనపడ్డంల్యా.’’

‘‘పంపించు’’ అన్నాను.

గురువారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. మార్పులు చేసిన ఫారం చెల్లదు, ఒక సంతకం కనిపించడం లేదు, మళ్ళీ పంపండి. మస్తాన్ సెంటరు మూసుకుని, ఆ ఎండలో సైకిలు తొక్కుకుంటూ మా ఇంటికి వచ్చాడు. మెట్లెక్కి గుమ్మం బయటే నిలబడ్డాడు. కొత్త ఫారం మీద తన సంతకం చేసే తెచ్చాడు.

‘‘మీ నాయనకు చెప్పప్పా, ఇది నాకు రాసేది కాదు. ఆ కంపెనీవాడికి మీరెవరో తెలీదు, నేనెవరో తెలీదు. వాడికి కాగితం కావాల, అంతే. నన్ను చూసి ఆపుకోవద్దని చెప్పు.’’

నాయన టేకు కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోలేదని నాకు తెలుసు, మస్తాన్‌కూ తెలుసు. ఫారం తీసుకున్నాను. లోపలికి రమ్మనలేదు, మంచినీళ్ళు అడగలేదు. అతను దిగిపోయాడు. నేను నిలబడ్డ చోటి నుంచి కుర్చీ దగ్గరికి ఆరడుగులు ఉంటుంది. ఆ ఆరడుగులు నేను వేయలేదు. ఆయనే పిలుస్తాడనుకున్నాను. ఫారాన్ని గూటిలో పెట్టాను. శుక్రవారం పొద్దున ఆయన స్నానం చేశాడు, పంచె కట్టాడు, వచ్చి కూర్చున్నాడు. నేను షెడ్డుకు పోయాను. నాయన గౌరవం కాపాడానని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అది గౌరవం కాదు. మా నాయన చేత ‘కోరుతున్నాను’ అనిపించిన కొడుకుగా ఉండడం నాకు ఇష్టం లేకపోయింది. ఆయనకు లేనంత పట్టుదల నాకు ఉండింది.

ఆ వరండాలకు రాయి బేతంచెర్ల నుంచి పోయింది. మా మిషన్లు కూడా అక్కడివాళ్ళే కొన్నారు. పనివాళ్ళలో ఇద్దరు కొన్నాళ్ళకు తుమ్మలపల్లె యురేనియం గనిలో చేరారు, తక్కినవాళ్ళు టైల్స్ పరిచే పనికి పోయారు. మా పేరును ఎవరో కొనుక్కుని దాని మీద నానా ప్రకటనలూ అతికించారు. వాటిలో ఎవరు కన్ను కొట్టారో నేను చూడదలచుకోలేదు. నాయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. షెడ్డు పోయాక చాలా నాళ్ళకు ఒక సాయంత్రం, వీధి వైపు చూస్తూ, ‘‘ఈ పొద్దు ఎంతమంది వచ్చిపోయినారు?’’ అని అడిగాడు. నేను ఒక అంకె చెప్పాను. ఆయన తల ఊపాడు.

ఇప్పుడు పనిముట్లకు కరువు లేదు. గడువు దగ్గర పడితే ఫోనే గుర్తు చేస్తుంది, ఫోటోలు వాటంతటవే ఇంకో చోట దాక్కుంటాయి, తెలుగు ఎక్కడ తెరిచినా తెలుగుగానే కనిపిస్తుంది. కరెంటు బిల్లుకూ బస్సు టికెట్టుకూ రోజుకు పదిసార్లు ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కుతాను. దేనికి ఒప్పుకుంటున్నానో చదవను కూడా చదవను. ఒక్క వాక్యం కింద సంతకం పెట్టించలేక ఇంటిని ముంచుకున్న మనిషిని నేనే. నాకే నమ్మబుద్ధి కాదు.

నోట్‌బుక్ దొరికిన రోజు, కింది వాటా ఆమె చెప్పిన చోట, మా పేరు కొట్టి చూశాను. అభినందనలు, ఈ పేరు ఖాళీగా ఉంది అని వచ్చింది. కొన్నవాళ్ళు కూడా వదిలేశారన్నమాట. ఆ అభినందనలు చూసి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక మస్తాన్‌కు ఫోను చేశాను. నెట్ సెంటరు ఎత్తేసి ఇప్పుడు సీసీ కెమెరాలు బిగిస్తున్నాడు. అంతా విన్నాడు. తర్వాత ‘‘కొనప్పా. ఈసారన్నా నీ పేరు మీద కొను’’ అన్నాడు.

కార్డు తీసి కూర్చున్నాను. మొదటి గడిలో నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. చెయ్యి ఆగలేదు. రెండో గడి సంస్థ పేరు. అందులో రాయడానికి ఏమీ లేదు. గడి కింద చిన్న అక్షరాల్లో ఉంది, ఖాళీగా వదిలేసినా ఫర్వాలేదట.